చిన్న ఫ్యాన్ ఐకాన్లకు రంగులు: ముందు ముఖం, తర్వాతే మిగతాది

తమ్మీ, నీ ప్రశ్న చదివిన. నర్సంపేటలో డిగ్రీ చదువుతున్నవు, మీ హీరో ట్రైలర్ల నుంచి స్క్రీన్‌షాట్లు తీసి ఫ్యాన్ పేజీ కోసం 100×100 పిక్సెళ్ల ఐకాన్లు, అంటే డీపీకి పెట్టుకునే చిన్న బొమ్మలు చేస్తున్నవు. ఇంగ్లీషు ట్యుటోరియల్ ఒకటి చూసి, అందులో ఉన్న అంకెలు ఉన్నట్టే పెట్టినవు. ముఖమేమో నారింజ రంగుకు తిరిగింది, ఎర్ర చొక్కా అంచులు గళ్లు గళ్లుగా చెదిరిపోయినయి. పైగా ఫోటోషాప్‌కు నెలనెలా డబ్బులు కట్టే పరిస్థితి లేదు. ఇదీ నీ బాధ.

నేను హనుమకొండలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్త. పొద్దున షాపు తెరిచినప్పటి నుంచి రాత్రి షట్టర్ దించే దాకా మన మనుషుల ముఖాల రంగు సరిచేసుడే నా పని. ఐకాన్లు చేసుడు నాకు చాలా ఏండ్ల నుంచి ఉన్న ఇష్టం. ఆల్బమ్‌లో 12 ఇంచుల ముఖమైనా, ఐకాన్‌లో 50 పిక్సెళ్ల ముఖమైనా పద్ధతి ఒకటే: ముందు ముఖం రంగు కుదరాలె. ఆ తర్వాతే చొక్కా, బ్యాక్‌గ్రౌండ్, మూడ్ (బొమ్మ మొత్తం మీద వేసే రంగు వాతావరణం). నువ్వు చూసిన ట్యుటోరియల్ దీనికి ఉల్టా నడుస్తది. మూడ్ ముందు వేస్తది, ముఖాన్ని దాని ఖర్మకు వదిలేస్తది.

ఆ అంకెలు ఎక్కడివో తెలిస్తే నీకు సగం విషయం అర్థమైతది. ఈ 100×100 కొలత, 40 కేబీ దాటొద్దన్న హద్దు లైవ్‌జర్నల్ నుంచి వచ్చినయి. 1999లో బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ మొదలుపెట్టిన బ్లాగింగ్ సైట్ అది. అక్కడి అభిమానులు ఇంగ్లీషు సీరియళ్లు, సినిమాల నుంచి ఫ్రేములు తీసి వందల కొద్దీ ఐకాన్లు చేసేవాళ్లు, రంగులు ఎట్లా వేసిన్రో లేయర్ తర్వాత లేయర్ రాసిపెట్టేవాళ్లు. నువ్వు చూసినది ఆ దారిలో వచ్చిన పాఠమే. వాళ్లు చెప్పింది తప్పు కాదు. ఆ అంకెలు ఆ ఫ్రేములకు, ఆ తెల్ల ముఖాలకు కుదిరినయి. మన ముఖాలకు అవే పెడితే ఏమైతదో కింద లెక్కతో చూపిస్త.

ముందు నీ స్క్రీన్‌షాట్ సంగతి. నువ్వు పెట్టిన శాంపిల్‌లో హీరో దూరంగా నడిచివస్తున్నడు, ముఖం వంద పిక్సెళ్లు కూడా లేదు. అట్లాంటి ఫ్రేమ్‌కు ఎంత రంగు వేసినా నిలబడదు. ఎందుకంటే నెట్‌లో దొరికే వీడియోలో వెలుగు సమాచారం పూర్తిగా ఉంటది గానీ రంగు సమాచారం నిలువులో సగం, అడ్డంలో సగమే ఉంటది. 1920×1080 వీడియోలో రంగు నిజంగా ఉండేది 960×540 అన్నట్టు. దూరపు షాట్‌లో వంద పిక్సెళ్ల ముఖం కోస్తే దాంట్లో రంగు యాభై పిక్సెళ్లదే. అదే క్లోజప్ తీసుకుని, కనీసం 400 పిక్సెళ్ల చతురస్రం కోసి 100కు కుదిస్తే, రంగు కూడా నిండుగా వస్తది. కాబట్టి ఎప్పుడైనా క్లోజప్పే తియ్యి.

ఫ్రేమ్ పట్టుకునేటప్పుడు తొందరపడొద్దు. యూట్యూబ్‌లో వీడియో ఆపి, కీబోర్డ్ మీద కామా నొక్కితే ఒక ఫ్రేమ్ వెనక్కి, ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకు పోతది. వీఎల్‌సీ ప్లేయర్‌లో అయితే ఇంగ్లీషు E అక్షరం నొక్కితే ఫ్రేమ్ ఫ్రేమ్‌గా కదులుతది, షిఫ్ట్ పట్టుకుని ఎస్ నొక్కితే స్నాప్‌షాట్ పడతది. తల తిప్పుతున్న ఫ్రేమ్‌లో కళ్లు అలుక్కుపోతయి. తల ఆగిన ఫ్రేమ్ దొరికేదాకా అటూ ఇటూ జరుపు. వాట్సాప్ స్టేటస్ నుంచి తీసిన స్టిల్ మాత్రం వాడొద్దు, అది అప్పటికే బాగా నలిగిపోయి ఉంటది.

క్రాప్ చేసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకో. ఇప్పుడు చాలా యాప్‌లు డీపీని గుండ్రంగా చూపిస్తయి. చతురస్రంలో పట్టే వృత్తం దాని వైశాల్యంలో 78.5 శాతమే. అంటే నాలుగు మూలల్లో కలిపి ఐదో వంతుకు పైగా పోతది. పేరు గానీ, పూల డిజైన్ గానీ మూలకు పెట్టినవంటే ఎవ్వరికీ కనబడదు. కళ్లు పై మూడో వంతు గీత దగ్గర వచ్చేటట్టు, గడ్డం కింద కొంచెం జాగా ఉండేటట్టు కొయ్యి. జుట్టు పైభాగం తెగినా ఏం కాదు, గడ్డం తెగితే మాత్రం ముఖం పోలిక పోతది.

కుదించుడు ముందా, రంగు ముందా అని చాలామంది అడుగుతరు. నేనైతే ముందు కుదిస్త, తర్వాత రంగు వేస్త. పెద్ద సైజులో మంచిగ కనబడే సన్న తేడాలు కుదించినాక కలిసిపోతయి, అప్పుడు పడిన శ్రమంతా వృథా. ఫోటోషాప్‌లో ఇమేజ్ సైజ్‌కు పోయి బైక్యూబిక్ షార్పర్ ఎంచుకుని 100కు దించు. ఎక్స్‌కు (పాత ట్విట్టర్) కావాలంటే 400×400 దగ్గర ఆపు. పని మొదలుపెట్టే ముందు అదే ఫైల్‌కు రెండో విండో తెరువు. ఫోటోషాప్‌లో విండో మెనూలో అరేంజ్ కింద ఉంటది, ఉచితంగా దొరికే జింప్ సాఫ్ట్‌వేర్‌లో వ్యూ మెనూలో న్యూ వ్యూ అని ఉంటది. ఒక విండోను 600 శాతానికి పెంచి అందులో పని చెయ్యి, రెండోదాన్ని 100 శాతంలో పక్కన పెట్టుకో. తీర్పు ఎప్పుడూ చిన్నదాన్ని చూసే ఇయ్యాలె. పెద్ద విండోలో పిక్సెళ్లు చూసుకుంట కూర్చుంటే రంగు ఎప్పుడు హద్దు దాటిందో కంటికి తెలియదు.

ఇగ అసలు విషయానికి వద్దాం. ముఖం నారింజ ఎందుకైంది?

నీ శాంపిల్‌లో చెంప మీద వెలుగు మామూలుగా పడ్డ చోట ఐడ్రాపర్ (రంగు అంకెలు చూపే పనిముట్టు) పెట్టి చూడు. శాంపిల్ సైజు 3×3 సగటుకు మార్చి పెట్టు, ఒక్క పిక్సెల్‌ను నమ్మొద్దు. మన చామనఛాయ ముఖానికి దాదాపు ఎరుపు 150, ఆకుపచ్చ 105, నీలం 80 అట్లా వస్తయి అనుకో. ఈ మూడింటినీ ఛానెళ్లు అంటరు, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉంటది. ఎప్పుడూ ఎరుపు పైన, ఆకుపచ్చ నడుమ, నీలం కింద. ఇప్పుడు ట్యుటోరియల్ చెప్పినట్టు కర్వ్స్‌లో (గీతను వంచి వెలుగు నీడలు మార్చే పనిముట్టు) ఎస్ ఆకారం వంచి కాంట్రాస్ట్ పెంచినవు. మధ్య నుంచి పైన ఉన్నవి ఇంకా పైకి పోతయి, కింద ఉన్నవి ఇంకా కిందికి దిగుతయి. 150 కాస్తా 160 అయితది, 105 కొంచెం దిగి 102 అయితది, 80 పడిపోయి 70 అయితది. ఎరుపుకూ నీలానికీ నడుమ దూరం 70 ఉండేది 90 అయింది. నువ్వు రంగును ముట్టలేదు, కాంట్రాస్ట్ మాత్రమే పెంచినవు. అయినా ముఖం నారింజ దిక్కు జరిగింది.

దీనికి మందు చాలా చిన్నది. కర్వ్స్‌ను అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గానే, అంటే అసలు బొమ్మను ముట్టకుండా పైన వేసే పొరగానే పెట్టి, దాని బ్లెండ్ మోడ్‌ను (కింది పొరతో కలిసే తీరును) నార్మల్ నుంచి లూమినాసిటీకి మార్చు. అప్పుడు వెలుగు నీడలే మారతయి, రంగు ఉన్న కాడే ఉంటది. చాలా పాఠాల్లో ఈ ఒక్క మాట రాయరు. తెల్ల ముఖం మీద ఆ తేడా అంతగా కొట్టొచ్చినట్టు కనబడదు గనుక వాళ్లకు అవసరం పడలేదు.

రెండో దెబ్బ సెలెక్టివ్ కలర్‌తో, అంటే ఒక్కో రంగు కుటుంబాన్ని విడిగా మార్చే పనిముట్టుతో పడ్డది. నువ్వు రాసిన అంకెల్లో రెడ్స్‌లో సయాన్ మైనస్ 100 ఉన్నది. సయాన్ అంటే ఎరుపుకు ఎదురు రంగు. రెడ్స్‌లోంచి సయాన్ తీసేస్తే ఎరుపు ఛానెల్ పైకి లేస్తది. పాలిపోయిన ముఖం మీద దాంతో కొంచెం జీవం వస్తది, పెదవులు ఎర్రబడతయి, చూడ ముచ్చటగా ఉంటది. మన ముఖంలో ఆ లోతు, ఆ నిగారింపు ఇచ్చేదే సయాన్. దాన్ని మొత్తం తీసేస్తే మిగిలేది మెజెంటా, ఎల్లో. ఎల్లో కొంచెం ఎక్కువున్న చోట ఆ రెండూ కలిస్తే నారింజే కదా!

కాబట్టి నువ్వు ఇట్లా చెయ్యి. సెలెక్టివ్ కలర్‌లో రెలెటివ్ పెట్టుకో. ఉన్న దాంట్లో ఇంత శాతం అని లెక్క వేసేది రెలెటివ్. నేరుగా అంత కలిపేది యాబ్సొల్యూట్. మెజెంటా 50 శాతం ఉన్న చోట 10 కలిపితే రెలెటివ్‌లో 55 అయితది, యాబ్సొల్యూట్‌లో 60 అయితది. ముఖం దగ్గర రెలెటివే మెత్తగా పనిచేస్తది. రెడ్స్‌లోకి పోయి సయాన్‌ను ప్లస్ 5 నుంచి 10 దాకా పెంచు, ఎల్లోను మైనస్ 10 దాకా దించు. తర్వాత ఎల్లోస్‌లోకి పో. మనవాళ్ల ముఖం రెడ్స్‌లో సగం, ఎల్లోస్‌లో సగం ఉంటది, రెడ్స్ ఒక్కటే సరిచేసి వదిలేస్తే చెంపలు ఒక రంగు, నుదురు ఒక రంగు అయితయి. ఎల్లోస్‌లో బ్లాక్‌ను కొంచెం తగ్గిస్తే ముఖం తేటగా అయితది, తెల్లబడదు. ఈ అంకెలు కూడా మొదలుపెట్టడానికే, నీ ఫ్రేమ్‌ను చూసి జరుపుకోవాలె.

కుదిరిందో లేదో కంటితోనే కాకుండా ఇన్ఫో ప్యానెల్‌తో కూడా చూసుకోవచ్చు. దాంట్లో రెండో రీడింగ్‌ను సీఎంవైకేకు (ప్రింటు రంగులు: సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్) మార్చి చెంప మీద కర్సర్ పెట్టు. మేము ఆల్బమ్ పనిలో చూసుకునేది ఇదే: మెజెంటా కంటే ఎల్లో కొంచెం ఎక్కువ ఉండాలె, సయాన్ ఆ రెండింటి కంటే బాగా తక్కువ ఉండాలె గానీ పూర్తిగా పోవద్దు. మెజెంటా ఎల్లోను దాటితే ముఖం ఎండదెబ్బ తగిలినట్టు ఎర్రగా కనబడతది. సయాన్ మరీ తగ్గితే నారింజ. ఛాయ ముదిరిన కొద్దీ సయాన్ వాటా పెరుగుతది, అది సహజం.

ఇక్కడ ఒక మాట మనసులో ఉన్నది చెప్త. షాపుకు వచ్చే పెళ్లివాళ్లలో చాలామంది పిల్లను తెల్లగ చెయ్యమని అడుగుతరు. నేను వెలుగు పెంచుత, మచ్చలు తీస్త, ఛాయ మాత్రం మార్చ. ఫ్యాన్ ఐకాన్లలో ఈ జబ్బు ఇంకా ఎక్కువైంది. నల్లగ, నిండుగా ఉండే హీరోను అభిమానులే పాలరాయి బొమ్మను చేస్తున్నరు. అభిమానించేది ఆ మనిషిని అయినప్పుడు ఆయన రంగు కూడా ఆయనదే కదా తమ్మీ! ఛాయ ఉన్నట్టే ఉంచి, దాని మీద వెలుగు అందంగా పడేటట్టు చేసుడే ఈ పనిలో అసలు పనితనం.

వెలుగు అన్న కాడ ఇంకో అలవాటు గురించి చెప్పాలె. ఫ్రేమ్ చీకటిగా ఉంటే లేయర్‌ను డూప్లికేట్ చేసి స్క్రీన్ మోడ్ పెట్టమని అన్ని పాఠాల్లోనూ ఉంటది. 60 ఉన్న నీడ దాంతో 106 అయితది, బాగానే ఉన్నది. కానీ నుదుటి మీద మెరుపు 200 ఉంటే అది 243కు పోతది. 100 పిక్సెళ్ల ఐకాన్‌లో నుదురంతా కలిపి పది పిక్సెళ్ల ఎత్తు కూడా ఉండదు, అది కాలిపోయినట్టు తెల్లగ ఒక మచ్చ పడతది. దానికి బదులు కర్వ్స్‌లో మధ్య బిందువు పట్టి 128ని 150 దాకా ఎత్తు, 210 దగ్గర ఇంకో బిందువు పెట్టి అక్కడ గీతను లేవకుండా ఆపు. ఇది కూడా లూమినాసిటీలోనే.

ఫ్రేమ్ మొత్తం మీద ఏదైనా రంగు పొర ఉంటే, అంటే సినిమావాళ్లు గ్రేడింగ్‌లో నీలమో ఆకుపచ్చనో పులిమితే, దాన్ని ముఖం కంటే ముందే తియ్యాలె. లెవెల్స్‌లో నడుమ ఉండే గ్రే ఐడ్రాపర్ తీసుకుని, నిజ జీవితంలో బూడిద రంగులో ఉండేదాని మీద నొక్కు. నెరిసిన గడ్డం, సిమెంటు గోడ, తెల్ల లుంగీ మీద నీడ పడ్డ భాగం పనికొస్తయి. కంటి తెల్లగుడ్డు మీద నొక్కొద్దు, అది పూర్తి తెలుపు కాదు. పాటల్లో గులాబీ లైట్లు, నీలం లైట్లు వేసిన ఫ్రేముల్లో అసలు బూడిద రంగే ఉండదు. వాటిని సరిచేయబోవద్దు, ఆ లైటు రంగునే ఐకాన్ రంగుగా ఒప్పుకుని ముందుకు పో.

ముఖం కుదిరినాక మూడ్ వెయ్యి. నువ్వు చూసిన ట్యుటోరియల్‌లో తర్వాతి లేయర్ ముదురు నీలం సాలిడ్ కలర్, ఎక్స్‌క్లూజన్ మోడ్. పాత ఐకాన్లన్నింటికీ ఆ పాత ఫోటో లాంటి వెలిసిన అందం దీంతోనే వచ్చేది. ఇది మన ముఖాల మీద ఎందుకు తిరగబడతదో చూడు. ఎరుపు 10, ఆకుపచ్చ 20, నీలం 60 ఉన్న రంగు వేసినవనుకో. నలుపు కాస్తా నీలిరంగు నలుపు అయితది, తెలుపు కాస్తా లేత పసుపు అయితది. ఈ మోడ్‌కు నడిమి హద్దు 128 దగ్గర ఉన్నది. దానికి పైన ఉన్న విలువ దిగుతది, కింద ఉన్న విలువ లేస్తది. తెల్ల ముఖంలో నీలం ఛానెల్ 170 ఉంటే అది 150కి దిగుతది, అంటే ముఖం వెచ్చగా, మీగడ రంగులోకి వస్తది. మన ముఖంలో నీలం 80 కదా, అది 102కు లేస్తది. ఎరుపు 148 దగ్గరే ఉండిపోతది. ఇంకేమున్నది, వెచ్చదనం పోయి ముఖానికి బూడిద రంగు వస్తది. ఒకే లేయర్, ఒకే అంకె, రెండు ముఖాల మీద రెండు ఎదురుబొదురు ఫలితాలు.

అట్లని ఎక్స్‌క్లూజన్‌ను వదులుకోవాల్సిన పని లేదు. ఆ లేయర్‌కు మాస్క్ ఉంటది, దాని మీద నలుపు వేసిన చోట ఆ లేయర్ కనబడదు. మెత్తని బ్రష్ తీసుకో, హార్డ్‌నెస్ సున్నా, సైజు 10 నుంచి 15 పిక్సెళ్లు, ఒపాసిటీ 30 శాతం. మాస్క్ మీద నలుపుతో ముఖం దగ్గర మూడు నాలుగు సార్లు దువ్వు. ఒక్కసారే పూర్తిగా చెరిపితే ముఖం వేరే ఫోటోలోంచి తెచ్చి అతికించినట్టు కనబడతది. మూడు వంతులు చెరిపి ఒక వంతు ఉంచితే ముఖం, బ్యాక్‌గ్రౌండ్ ఒకే వెలుగులో ఉన్నట్టుంటది. నీడల్లో నీలం మాత్రమే కావాలనుకుంటే ఇంకా సులువు: సెలెక్టివ్ కలర్‌లో బ్లాక్స్‌కు పోయి ఎల్లోను మైనస్ 10, 15 దాకా దించు. ముఖాన్ని దాదాపు ముట్టకుండా జుట్టు, మీసం, నీడలు మాత్రమే నీలం పట్టుకుంటయి.

బ్యాక్‌గ్రౌండ్‌కు ఎన్ని రంగులు అన్నది కూడా ఆలోచించు. 100 పిక్సెళ్లలో ముఖం కాకుండా ఇంకో రంగుకే జాగా ఉంటది. మన చేర్యాల నకాషీ పటాలు చూసే ఉంటవు. 2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండె చేర్యాల, ఇప్పుడు సిద్దిపేట కిందికి పోయింది. ఆ పటాల్లో వెనకంతా ఒకటే ఎరుపు, మనుషులకు వేరే చదును రంగులు, చుట్టూ నల్లటి గీత. కథ చెప్పేవాళ్లు పటం విప్పి పట్టుకుంటే దూరాన కూర్చున్నోళ్లకు కూడా ఎవరు ఎవరో తెలియాలె గనుక అట్లా గీస్తరు. ఐకాన్‌కు కూడా అదే అవసరం. చేతిలో ఫోన్ పట్టుకుని వేలితో పైకి తోసుకుంట పోయేటోడికి అర సెకనులో ముఖం తెలవాలె.

పైన చెప్పిన 150, 105, 80 ముఖం రంగు చక్రంలో 21 డిగ్రీల దగ్గర ఉంటది. దానికి సరిగ్గా ఎదురు 201 డిగ్రీలు, అంటే ఆకాశ నీలం. బ్యాక్‌గ్రౌండ్‌ను ఆ దిక్కు జరిపితే ముఖం దానంతట అదే ముందుకు వస్తది, ముఖానికి ఏం చెయ్యక్కర్లేదు. రంగును, దాని గాఢతను మార్చే హ్యూ శాచురేషన్‌లో బ్యాక్‌గ్రౌండ్‌కు మాత్రమే మాస్క్ పెట్టి జరుపు. ఎర్రమట్టి, ఇటుక గోడ, ఎండిన గడ్డి ఉన్న ఫ్రేముల్లో వెనక రంగు, ముఖం రంగు ఒకటే కుటుంబం అయితయి, ముఖం మునిగిపోతది. అక్కడ వెనకభాగంలో శాచురేషన్ తగ్గించి, కొంచెం చీకటి చేస్తే చాలు, రంగు మార్చితే అబద్ధంగా కనబడతది.

బతుకమ్మ ఐకాన్లు వేరే కథ. దసరా ముందు నా దగ్గరికి ఇవే ఎక్కువ వస్తయి, హీరోయిన్ బతుకమ్మ ఎత్తుకున్న స్టిల్‌తో డీపీ చెయ్యమని. తంగేడు పసుపు, బంతి నారింజ, రంగు అద్దిన గునుగు, నడుమ ఒక ముఖం. తంగేడు పువ్వులో ఎరుపు, ఆకుపచ్చ ఛానెళ్లు రెండూ అప్పటికే పైహద్దు దగ్గర ఉంటయి. శాచురేషన్ పెంచినవంటే రేకులన్నీ కలిసి ఒకటే పసుపు ముద్ద అయితది. పైగా సెలెక్టివ్ కలర్‌లో ఎల్లోస్ ముట్టుకుంటే పువ్వూ మారతది, ముఖమూ మారతది. అందుకని ఇట్లాంటి స్టిల్‌కు సెలెక్టివ్ కలర్ లేయర్లు రెండు పెట్టుకో, ఒకటి ముఖానికి, ఒకటి పూలకు, రెండింటికీ వేర్వేరు మాస్కులు. పూల లేయర్‌లో ఎల్లోస్‌కు బ్లాక్ ప్లస్ 10 పెడితే రేకుల నడుమ గీతలు మళ్లీ కనబడతయి. గునుగుకు ఏం చెయ్యొద్దు, దాని రంగు అట్లాగే ఉండనియ్యి. కంటికి ఆగేందుకు ఒక చోటు ఉండాలె.

షార్ప్ చేసుడు అన్నింటికంటే ఆఖరు. అన్‌షార్ప్ మాస్క్‌లో రేడియస్ 0.3, అమౌంట్ 50 నుంచి 80. రేడియస్ 1 పెడితే ఇంత చిన్న బొమ్మలో ప్రతి అంచుకూ తెల్ల గీత వస్తది. కళ్లు, మీసం, బొట్టు, చెవి కమ్మలు షార్ప్‌గా ఉండాలె. చెంపలకు అక్కర్లేదు.

ఇగ నీ ఎర్ర చొక్కా. దాంట్లో నీ రంగుల తప్పేం లేదు, అది సేవ్ చేసిన తీరు. నువ్వు జేపెగ్‌లో, 40 కేబీ దాటుతదేమోనన్న భయంతో క్వాలిటీ 45 పెట్టి సేవ్ చేసినవు. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోసి ఒక్కో గడిని నలుపుతది. ఫోటోషాప్ సేవ్ ఫర్ వెబ్‌లో క్వాలిటీ 50 గానీ అంతకంటే తక్కువ గానీ పెడితే రంగు సమాచారాన్ని సగానికి కూడా తగ్గిస్తది, వీడియోలో చెప్పిన కథే మళ్లీ. అప్పుడు రంగు గడి 16×16 అయితది. నీ ఐకానే 100 పిక్సెళ్లు, చొక్కా కాలర్ ఎనిమిది పది పిక్సెళ్లు. కాలర్ ఎరుపు పక్కనున్న మెడ మీదికి కారక ఏం చేస్తది? నిండు ఎరుపు మీద ఇది అన్ని రంగుల కంటే ఎక్కువ కనబడతది. ఆడవాళ్ల ఐకాన్లలో బొట్టు కూడా ఇట్లనే నుదుటి మీద అలుక్కుంటది.

అసలు నువ్వు భయపడాల్సిన పనే లేదు. లెక్క వేసి చూడు: 100×100 అంటే 10,000 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్లు. మొత్తం 30,000 బైట్లు, అదీ ఏమాత్రం నలపకుండా. 40 కేబీ అంటే 40,960 బైట్లు. పీఎన్‌జీ దాన్ని ఒక్క పిక్సెల్ కూడా పాడుచేయకుండా ఇంకా చిన్నగ చేస్తది. అంటే 100×100 ఐకాన్‌ను పీఎన్‌జీ 24లో సేవ్ చేస్తే ఆ హద్దు దాటనే దాటదు. సేవ్ ఫర్ వెబ్ నుంచే చెయ్యి, మామూలు సేవ్‌లో కెమెరా వివరాలు, ప్రొఫైళ్లు ఎక్కి బరువు పెరగవచ్చు. పీఎన్‌జీ 8 మాత్రం వద్దు, దానికి 256 రంగులే ఉంటయి, చెంప మీద మెట్లు మెట్లుగా పడతది.

కొన్ని సైట్లు నువ్వు ఏది ఎక్కించినా మళ్లీ జేపెగ్‌గా మార్చుకుంటయి. అక్కడ మన చేతిలో ఉన్నది ఒక్కటే: ఎరుపు శాచురేషన్‌ను ముందే 10, 15 తగ్గించి ఎక్కించు. చూసేటోళ్లకు తేడా తెలియదు, అంచు మాత్రం నిలబడతది. తప్పనిసరై నువ్వే జేపెగ్ చెయ్యాల్సి వస్తే క్వాలిటీ 51 గానీ ఆపైన గానీ పెట్టు. జింప్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో సబ్‌శాంప్లింగ్ అని ఉంటది, రంగు సమాచారం తగ్గకుండా 4:4:4 ఎంచుకో. కలర్ ప్రొఫైల్ నెట్‌కు వాడే ఎస్‌ఆర్‌జీబీలో ఉన్నదా చూసుకో. అడోబ్ ఆర్‌జీబీలో ఉన్న ఫైల్‌ను మార్చకుండా ఎక్కిస్తే చాలా చోట్ల రంగులు వెలిసిపోయినట్టు కనబడతయి.

సాఫ్ట్‌వేర్ గురించి. క్రాక్ వెర్షన్ల జోలికి పోకు, వాటితో పాటు వచ్చే వైరస్‌లతో సిస్టమ్‌లు పాడై డేటా పోగొట్టుకున్న పిల్లలను చూసిన. బ్రౌజర్‌లో ఫోటోపీ అని ఉన్నది, ఉచితం, పక్కన యాడ్స్ వస్తయి అంతే. అడ్జస్ట్‌మెంట్ లేయర్లు, మాస్కులు, బ్లెండ్ మోడ్‌లు, సెలెక్టివ్ కలర్ అన్నీ దాంట్లో ఉన్నయి, పీఎస్‌డీ ఫైళ్లు (లేయర్లతో సహా దాచే ఫోటోషాప్ ఫైళ్లు) కూడా తెరుస్తది, సేవ్ చేస్తది. పైన చెప్పినదంతా దాదాపు ఇవే పేర్లతో అక్కడ దొరుకుతది. నీకు నేను చెప్పేది అదే. నెట్ సరిగ్గా రాని ఊర్లో ఉంటే జింప్ దించుకో. 2025 మార్చిలో వచ్చిన 3.0 నుంచి దాంట్లో ఫిల్టర్లను లేయర్ మీద పెట్టి తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అంతకుముందు పెట్టినది పెట్టినట్టే ఖరారయ్యేది. సెలెక్టివ్ కలర్ మాత్రం జింప్‌లో లేదు. దాని పనిని హ్యూ శాచురేషన్‌లో రెడ్స్, ఎల్లోస్ విడివిడిగా ఎంచుకుని, ఓవర్‌ల్యాప్ స్లైడర్ 40, 50 దాకా పెంచి చేసుకోవాలె. ఓవర్‌ల్యాప్ సున్నా ఉంటే రెండు రంగులు కలిసే చోట చెంప మీద గీత పడతది. దాని తర్వాత కలర్ బ్యాలెన్స్‌లో మిడ్‌టోన్స్‌కు పోయి, ప్రిజర్వ్ లూమినాసిటీ టిక్ ఉంచి, సయాన్ దిక్కు రెండు మూడు పాయింట్లు జరిపితే నారింజ తగ్గుతది.

చేసినాక నీ ఫోన్ ఒక్కదాంట్లో చూసి సరిపెట్టుకోవద్దు. కొన్ని ఫోన్లు వివిడ్ మోడ్‌లో రంగులను వాటంతట అవే ఉబ్బిస్తయి. కంటికి చల్లదనం కోసం పెట్టుకునే పసుపు వెలుతురు ఆన్‌లో ఉంటే ముఖం ఎప్పుడూ వెచ్చగానే కనబడతది, నువ్వు దాన్ని సరిచేయబోయి నీలం ఎక్కిస్తవు. రెండూ ఆపి చూడు, ఇంట్లో ఇంకెవరిదైనా తక్కువ ధర ఫోన్ ఉంటే దాంట్లో కూడా చూడు.

ఒకే సినిమా నుంచి పది ఐకాన్ల సెట్ చేస్తుంటే, మొదటిదాని లేయర్లను గ్రూపు చేసి మిగతావాటి మీదికి లాగొచ్చు. మూడ్ లేయర్లు, బ్యాక్‌గ్రౌండ్ లేయర్లు అట్లా పోనియ్యి. ముఖం లేయర్ మాత్రం ప్రతి ఫ్రేమ్‌కూ కొత్తగా చెయ్యి, ఎందుకంటే ఎండలో ఉన్న ముఖం, ఇంట్లో ఉన్న ముఖం ఒకటి కావు. పీఎస్‌డీ, మొదటి స్క్రీన్‌షాట్ రెండూ దాచిపెట్టుకో. మీ హీరో పుట్టినరోజుకు ఎవరో ఒకరు వచ్చి ఇదే బొమ్మతో ఫ్లెక్సీ కావాలంటరు, 100 పిక్సెళ్ల ఐకాన్‌ను పది ఫీట్లకు లాగలేం.

ట్రైలర్‌లోంచి ఒక క్లోజప్ ఫ్రేమ్ తీసి దానితో మొదలుపెట్టు. కుదరకుంటే పీఎన్‌జీ కాదు, లేయర్లతో ఉన్న పీఎస్‌డీ పెట్టు, పక్కన అసలు ఫ్రేమ్ కూడా పెట్టు. ఏ లేయర్ దగ్గర రంగు తప్పుతున్నదో చూసి చెప్త.